రిమార్కుల గడి

శక్కర్‌నగర్‌లో పెరిగినవాళ్లకు చక్కెర వాసన అంటూ విడిగా తెలియదు. క్రషింగ్ మొదలైందంటే గాలే తియ్యగా మారేది. ఆ తీపిలో కొంచెం పులుపు, కొంచెం గంధకం పొగ ఘాటు. సీజన్ అయిపోయి ఎండలు ముదిరాక, ఆ వాసన లేకపోతేనే ఇల్లు బోసిపోయినట్టు ఉండేది. బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు, చెరకు తోటలు, ముందు ఎడ్లబండ్లు, తర్వాత ట్రాక్టర్లు, లారీలు. మా ఊరి పెళ్లిళ్లు, అప్పులు, కొత్త బట్టలు అన్నీ వీటి రాకపోకలను బట్టే నడిచేవి. మా బాపు ఆ ఫ్యాక్టరీలో ప్యాన్‌మ్యాన్.

ప్యాన్ అంటే ఇంటికంటే ఎత్తుగా ఉండే మూసిన పెద్ద పాత్ర. అందులోంచి గాలి లాగేసి, తక్కువ వేడి మీదే చెరకు పాకాన్ని మరిగిస్తారు. గాలి ఉంచి మరిగిస్తే చక్కెర మాడి రంగు తిరుగుతుంది. ఆ పాకంలో గింజ పట్టించి, దాన్ని సమంగా పెంచడం ప్యాన్‌మ్యాన్ పని. నన్ను ఒకటి రెండుసార్లు లోపలికి తీసుకుపోయాడు. ప్రూఫ్ స్టిక్ అనే పొడుగాటి కడ్డీని ప్యాన్ పక్క రంధ్రంలోకి తోసి, తిప్పి లాగితే, దాని గాడిలో చిక్కటి పాకం వచ్చేది. దాన్ని గాజు పలక మీద బొటనవేలితో పలచగా రాసి, బల్బుకు ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. గింజలన్నీ ఒక తీరుగా ఉన్నాయా, మధ్యలో పిండిలాంటి కొత్త గింజ పుట్టిందా? పుడితే దాన్ని ఫాల్స్ గ్రెయిన్ అంటారు. వేడినీళ్లు పట్టించి దాన్ని కరిగించాలి. నీళ్లు ఎక్కువైతే మంచి గింజ కూడా కరుగుతుంది.

షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్ నింపాలి. టైము, వ్యాక్యూమ్, వేడి, బ్రిక్స్, అన్ని గడుల్లోనూ అంకెలే. ఆఖరున కొంచెం వెడల్పాటి గడి ఒకటి ఉండేది, రిమార్కుల గడి. చాలామంది అందులో అడ్డగీత గీసి సంతకం పెట్టి పోయేవాళ్లు. బాపు మాత్రం రాసేవాడు. చెరకు మూడు రోజుల పాతది, గింజ మెల్లగా పట్టింది, రెండుసార్లు కడిగిన, తొందరపడొద్దు. ఇలా నాలుగు ముక్కలు. ఇంటికి పోదాం రమ్మని నేను చొక్కా పట్టి లాగుతుంటే అన్నాడు: "అంకెలు మీటరు చెప్తది బిడ్డా. ఎందుకట్లయిందో మీటరుకు తెల్వది. నా తర్వాత వచ్చెటోడు ఇంటికొచ్చి నన్ను నిద్రల లేపి అడుగుతడా?"

ఆ మాటకు నా జీవితంలో ఎంత పని ఉందో అప్పుడు నాకు తెలియదు. పాతికేళ్లకు పైగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. నా పనిలోనూ అంకెల గడులున్నాయి, రిమార్కుల గడి ఉంది. ఆ గడిని నింపాలా, అడ్డగీత గీసి వదిలేయాలా అన్నది మా వృత్తిలో తెగని పంచాయితీ.

ప్రోగ్రాములో యంత్రం కోసం రాసేది కోడ్. మనిషి కోసం రాసేది కామెంట్. కామెంటును యంత్రం చదవకుండానే దాటిపోతుంది. జావా అనే భాషలో స్లాష్ గీసి, రెండు నక్షత్రాలు పెట్టి కామెంట్ రాస్తే జావాడాక్ అనే పనిముట్టు అలాంటివన్నీ ఏరి పుస్తకంలా కడుతుంది. ఈ ఏర్పాటు ఆ భాష తొలినాళ్ల నుంచీ ఉంది. 2004లో జావా 5 వచ్చినప్పుడు ఇంకో రకం రాత వచ్చి చేరింది. అది ‘ఎట్’ గుర్తుతో మొదలయ్యే అనొటేషన్. దాన్ని మనిషీ చదువుతాడు, యంత్రమూ చదువుతుంది. సగం రిమార్కు, సగం ఆజ్ఞ.

ఈ రాతలు ఎంత ఉండాలన్న దాని మీద పెద్దవాళ్లే రెండు వైపులా నిలబడ్డారు. రాబర్ట్ మార్టిన్ 2008లో ‘క్లీన్ కోడ్’ పుస్తకంలో, కామెంట్ రాయాల్సి వచ్చిందంటే చెప్పదలుచుకున్నది కోడ్‌లో చెప్పలేకపోయామనే అర్థం అని వాదించాడు. పదేళ్ల తర్వాత జాన్ ఆస్టర్‌హౌట్ అనే ప్రొఫెసర్ దానికి ఎదురు నిలిచాడు. రాసినవాడి మనసులో ఉండి కోడ్‌లోకి రాని సంగతులు ఉంటాయనీ, వాటిని పట్టి ఉంచడానికే కామెంట్లు ఉన్నాయనీ అన్నాడు. నేను రెండు గుంపుల్లోనూ ఉన్నాను. ఒక్కో గుంపులోకి నన్ను తోసిన సంఘటన ఒక్కొక్కటి ఉంది.

మొదటిది 1998 నాటిది. 2000 సంవత్సరం వస్తోందని లోకమంతా కంగారుగా ఉంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే చోటు ఇచ్చారు. 99 తర్వాత 00 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుంది. ఆ రెండంకెల్ని నాలుగు చేయడానికి మనుషులు కావాలి. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని మా జిల్లా కుర్రాళ్లు కూడా బోలెడంతమంది ఆ పనిలోకి దిగారు. గల్ఫ్‌కు తప్ప ఇంకెక్కడికీ దారి తెలియని ఊళ్లకు అది రెండో దారి. నాకు ఒక విదేశీ బీమా కంపెనీ ప్రోగ్రాములు ఇచ్చారు. రాసినవాళ్లలో ఒక్కడు కూడా ఆ కంపెనీలో మిగల్లేదు.

కోబాల్‌లో ప్రతి వరుసకూ గళ్లు ఉంటాయి. మొదటి ఆరు గళ్లు వరుస నంబరుకు. ఏడో గడిలో నక్షత్రం పెడితే ఆ వరుస కామెంట్. ఒక రాత్రి, పాలసీ గడువు సంవత్సరాన్ని రెండు నుంచి నాలుగంకెలకు మార్చే పనిలో ఉన్నాను. 99 ఉన్నచోట 1999 అవుతుంది, అంతే కదా అని రాసేయబోయాను. పైన, ఏడో గడిలో నక్షత్రంతో, మూడు వరుసల ఇంగ్లీషు కామెంట్ కనబడింది. ఇక్కడ 99 సంవత్సరం కాదు, గడువు లేని పాలసీ అని అర్థం. ఎవరు కోరితే ఎప్పుడు ఇలా పెట్టారో, ఇది మారిస్తే ఇంకే ప్రోగ్రాము చూడాలో అందులో ఉంది. కింద రెండక్షరాల పొడి పేరు. తేదీ చూస్తే అప్పటికి నాకు నాలుగేళ్లుంటాయి.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ మూడు వరుసలు లేకపోతే, జీవితాంతం చెల్లే పాలసీలన్నీ 1999 డిసెంబరుతో ముగిసినట్టు నేనే రాసేసేవాణ్ణి. 99 అంటే గడువు లేదని ఏ కోడ్‌ను ఎంత గుచ్చి గుచ్చి చదివినా తెలిసేది కాదు. ఆ సంగతి యంత్రానికి అక్కర్లేదు, కాబట్టి కోడ్‌లోకి రాలేదు. ఒక మనిషి తలలో ఉండి, ఆ గడిలోకి దిగింది కాబట్టి బతికింది. చూడని ఆ మనిషికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

రెండోది కొన్నేళ్ల తర్వాత, మన ప్రాంతంలోనే. ఒక చిన్న ప్రైవేటు చక్కెర మిల్లుకు రైతుల చెల్లింపుల ప్రోగ్రాము అప్పటికే ఉంది. అందులో తెలుగు చీటీ అచ్చయ్యేలా చేయడం నా పని. లారీ నిండు బరువు, ఖాళీ బరువు, నికర బరువు, తరుగు, రేటు, బాకీ కోత, చేతికి వచ్చేది. చెరకు పండించే ఇంటివాడికి తరుగు గురించి చెప్పక్కర్లేదు. కట్టలు కట్టిన ఆకుకు, చెత్తకు, మట్టికి అని బరువులోంచి తీసేసేది. తరుగు లెక్క వేసే చోట పైన కామెంట్ శుభ్రంగా ఉంది: నికర బరువులో ఒక శాతం తరుగు తీయాలి. నేను ఆ వాక్యాన్ని నమ్మి, చీటీ మీద ‘తరుగు 1 శాతం’ అని పెట్టాను. దాని పక్కన అంకె మాత్రం ప్రోగ్రాము లెక్క కట్టి వేస్తుంది.

మూడో రోజు ఒక పెద్దాయన వచ్చి చీటీ నా ముందు వెనక్కి తిప్పి పెట్టాడు. వెనక పెన్సిలుతో లెక్క ఉంది. నికరం 14,200 కిలోలు. నూటికి ఒకటి చొప్పున 142. దాని కింద గీత. గీత కింద, చీటీలో పడ్డ అంకె, 284. చుట్టూ రెండుసార్లు గుండ్రంగా చుట్టాడు. కోపం లేదు ఆయన గొంతులో, అలవాటైన అలసట ఉంది. "రాసింది ఒకటి, కోసింది రెండు. ఏది నిజం బాబూ, రాతా, కోతా?"

వెళ్లి చూస్తే, తరుగు శాతం కోడ్‌లో లేదు, పక్కన ఇంకో ఫైలులో ఉంది. అక్కడ 2 అని ఉంది. రెండు సీజన్ల కింద వానల్లో బురద చెరకు వచ్చిన వారం రోజుల కోసం ఎవరో మార్చారట. వానలు ఆగాయి, 2 ఆగలేదు. ఎందుకు మార్చారో ఎక్కడా రాయలేదు. పైన కామెంట్ మాత్రం, ఏమీ ఎరగనట్టు, ఒక శాతం అంటూ నిలబడే ఉంది. నేను దాన్ని చదివి కోడ్‌ను చదవలేదు. మిల్లువాళ్లు లెక్కలు తిరగరాసి తేడా కట్టారు కానీ, ఆ పెద్దాయన గుండ్రంగా చుట్టిన 284 నా కళ్లముందు నుంచి పోలేదు. నేను అచ్చువేసింది అబద్ధం. అది అబద్ధమని నాకు తెలియకపోవడం ఆయనకు ఏ విధంగానూ ఊరట కాదు.

ఆ తర్వాత చాలాకాలం కామెంట్లంటే నాకు పడలేదు. కనబడితే తీసేసేవాణ్ణి. కాలువ వంతెనల దగ్గర బోర్డులు చూస్తుంటాం కదా, వంతెన బలహీనం, భారీ వాహనాలు రాకూడదని. కొత్త వంతెన కట్టాక కూడా పాత బోర్డు అలాగే ఉంటుంది. దాని కిందనుంచే రోజూ చెరకు లారీలు పోతుంటాయి. అలాంటి బోర్డులు రెండు చూసినవాడు, మూడో చోట వంతెన నిజంగా కుంగినా బోర్డు చూసి ఆగడు. ఒక అబద్ధపు కామెంట్ చుట్టుపక్కల ఉన్న నిజం కామెంట్ల పరువు కూడా తీస్తుంది. నా వాదన అప్పట్లో అది, ఇప్పుడూ అందులో తప్పు లేదు. సగమే ఉంది.

మిగిలిన సగం నాకు మల్లినాథ సూరి దగ్గర దొరికింది.

మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. ఇంటిపేరు కోలాచలం. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యానం పట్టుకోకుండా సంస్కృతం చదువుకున్నవాళ్లు దేశం మొత్తంలో అరుదు. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం ఈ మూడింటికీ రాసినదాని పేరు సంజీవని. భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, నైషధానికి జీవాతువు. ఆయన కొడుకు కుమారస్వామి విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి రత్నాపణం రాశాడు. ఇంటిల్లిపాదీ చేసిన పని అది. కొల్చారం మండలంలో మంజీర మీద ఘనపూర్ ఆనకట్ట ఉంది. అది దాటి ఆ ఏరు నిజాంసాగర్‌కు వస్తుంది. 1931లో పూర్తయిన ఆ జలాశయం కాలువల్లోంచే మా బోధన్ చెరకు నీళ్లు తాగింది. ప్రపంచంలోకెల్లా గొప్ప వ్యాఖ్యాతల్లో ఒకడు మా ఎగువ ఊరివాడని నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియకపోవడం నా చదువులోని లోటు.

సంజీవని మొదట్లో ఆయన రెండు సంగతులు చెప్పుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి ఉందనీ, ఈ టీక దాన్ని లేపుతుందనీ ఒకటి. అందుకే ఆ పేరు. అంటే ఆరు వందల ఏళ్ల కిందటే, వ్యాఖ్య లేకపోవడం కంటే తప్పుడు వ్యాఖ్య ఎక్కువ చెరుపు చేస్తుందని తెలిసినవాడు. రెండోది ఆయన పెట్టుకున్న నియమం. మూలంలో లేనిదేదీ రాయను, అక్కర్లేనిదేదీ చెప్పను, పదాల అన్వయం వెంటే నడుస్తాను. మా కంపెనీల్లో కామెంట్లు ఎలా రాయాలో చెప్పే నలభై పేజీల నిబంధనల పత్రాలు చదివాను. ఈ నియమంలో లేనిది ఒక్కటీ అందులో కనబడలేదు.

అక్కర్లేనిది చెప్పడం మా వృత్తిలో పెద్ద రోగం. కోడ్‌లో ఒక్కో పని చేసే ముక్కను మెథడ్ అంటారు. ప్రతి మెథడ్ మీదా జావాడాక్ ఉండి తీరాలని పైవాళ్లు నియమం పెడతారు. కింది కుర్రాడు రాస్తాడు: సెట్‌నేమ్, పేరును సెట్ చేస్తుంది. గెట్‌నేమ్, పేరును ఇస్తుంది. చెరకు గడకు ‘తియ్యగా ఉంటుంది’ అని చీటీ కట్టినట్టు. ఇలాంటివి ఫైలు నిండా ఉంటే కన్ను కామెంట్లను దాటేయడం నేర్చుకుంటుంది. అప్పుడు నిజంగా ఆగి చదవాల్సిన 99 కామెంటును కూడా దాటేస్తుంది. బాపు తోటివాళ్లు రిమార్కుల గడిలో గీసిన అడ్డగీత దీనికంటే నయం. అడ్డగీత చెప్పడానికేమీ లేదని నిజాయితీగా ఒప్పుకుంటుంది.

అయితే మల్లినాథుడికి ఉన్న ఒక సౌకర్యం మాకు లేదు. ఆయన టీక రాసిన మర్నాడు కాళిదాసు లేచి శ్లోకం మార్చడు. రఘువంశం రఘువంశంగానే ఉంటుంది. మా మూలం అలా కాదు, వారానికి ఒకసారి కదులుతుంది. తరుగు ఒక శాతం అని రాసిన మనిషి అబద్ధం రాయలేదు. రాసిన రోజు దానికి మూలం ఉంది. తర్వాత కింద నుంచి మూలాన్ని లాగేశారు. పైన వ్యాఖ్య గాలిలో మిగిలింది. మూలం లేనిదేదీ రాయనని రాసేనాడు ప్రతిజ్ఞ చేస్తే సరిపోదు. కోడ్‌ను ముట్టుకున్న ప్రతివాడూ ఆ ప్రతిజ్ఞను మళ్లీ చేయాలి. ఎవరు చేస్తారు? రాత్రి పదకొండింటికి, మర్నాడు డెలివరీ పెట్టుకుని, ఒక అంకె మార్చి ఇంటికి పోయే మనిషి?

కొన్ని అనొటేషన్లు ఈ బెంగకు మందు. నిలకడలేని మనిషి మీద వదిలిన పనిలో కొంత యంత్రానికి అప్పగించడం. ఓవర్‌రైడ్ అనే అనొటేషన్ చూడండి. తల్లి క్లాసులో ఉన్న మెథడ్‌నే నేను ఇక్కడ తిరగరాస్తున్నాను అని దానర్థం. అదే మాట కామెంటుగా రాస్తే, మెథడ్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా ఎవరూ చెప్పరు. తల్లిదే నడుస్తుంది, మనది పక్కన ఊరికే పడి ఉంటుంది. అనొటేషన్‌గా రాస్తే, కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అక్కడే ఆపి, నువ్వు తిరగరాస్తున్నానన్నది పైన లేదు అంటుంది. డెప్రికేటెడ్ కూడా అంతే. జావా మొదట్లో ఈ ముక్క జావాడాక్‌లో ఒక గుర్తుగా ఉండేది. 2004లో దానికి అనొటేషన్ రూపం కూడా వచ్చింది. ఇది పాతబడింది, వాడొద్దు అన్న హెచ్చరిక వాడేవాడి ముందుకే వచ్చి నిలబడుతుంది. పైథాన్ అనే ఇంకో భాషలో డాక్‌టెస్ట్ అని ఒకటుంది, 2001 నాటిది. వివరణలో రాసిన ఉదాహరణను నిజంగా నడిపి చూసి, జవాబు తేడా వస్తే తప్పు చూపిస్తుంది. అది మా చీటీ ప్రోగ్రాములో ఉండి, 14,200 కిలోలకు తరుగు 142 అని ఒక్క ఉదాహరణ రాసి ఉంటే, ఎవరో 2 పెట్టిన సాయంత్రమే గంట మోగేది. ఆ పెద్దాయన పెన్సిలు పట్టాల్సిన పని ఉండేది కాదు.

మరి అన్నీ అనొటేషన్లే చేస్తే పోలా? కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. నాలుగు వరుసల మెథడ్ నెత్తిన పది అనొటేషన్లు ఎక్కిన ప్రోగ్రాముల మధ్య పని చేశాక ఆ ఉత్సాహం చల్లారింది. అక్కడ కోడ్ చదివితే ఏం జరుగుతుందో తెలియదు, జరిగేదంతా చీటీల్లో ఉంటుంది. జావా ప్రోగ్రాములకు వాడే స్ప్రింగ్ అనే చట్రంలో ట్రాన్సాక్షనల్ అనే అనొటేషన్ పెడితే, ఆ మెథడ్‌లోని డేటాబేసు పనులన్నీ ఒక మూటగా జరుగుతాయి, మధ్యలో చెడితే అన్నీ వెనక్కి పోతాయి. బాగుంది. కానీ అదే క్లాసులోని ఇంకో మెథడ్ నుంచి దాన్ని పిలిస్తే, మామూలు అమరికలో, ఆ చీటీ పని చేయదు. పిలుపు బయట కాపలా ఉన్న ప్రాక్సీని తగలకుండా లోపలి నుంచే పోతుంది కాబట్టి. చీటీ అక్కడే, కళ్లెదుట, ధీమాగా ఉంటుంది. పని మాత్రం జరగదు. కంపైలర్ కూడా ఏమీ అనదు. పైథాన్‌లో 2015 నుంచి ఏ పేరుకు ఏ రకం విలువ రావాలో పక్కన రాసుకునే పద్ధతి గట్టిపడింది. రాసుకోవచ్చు, కానీ నడిచేటప్పుడు పైథాన్ తనంతట తాను వాటిని సరిచూడదు. మైపై లాంటి పరీక్షకుణ్ణి విడిగా పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే అది కూడా కామెంటే, వేషం మార్చిన కామెంట్. ఎట్ గుర్తు ఉందా, నక్షత్రం ఉందా అన్నది నేనిప్పుడు చూడను. ఇది తప్పయితే ఎవరైనా అరుస్తారా? అరిచేవాళ్లుంటే ధైర్యంగా నమ్ముతాను.

ఇంకొకటి. అనొటేషన్ అడిగినదే చెబుతుంది. దాని గడి ముందే గీసి ఉంటుంది. భూమి కాగితాలు తిరగేసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మన వైపు భూమి తగాదా ఏదైనా చివరికి 1954-55 ఖాస్రా పహాణీ దాకా పోతుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగు చేసే మనిషి. పహాణీల్లో గడులతోపాటు ఒక మూలన ఇరుకుగా రాసిన రిమార్కులూ ఉంటాయి, గడులకు లొంగని సంగతులు వాటిలో ఉంటాయి. కాగితం కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడు గడి ఉన్నది ఎక్కుతుంది, గడి లేనిది కింద మిగిలిపోతుంది. 2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. పట్టా ఒకరి పేరున ఉండి దున్నేది ఇంకొకరైన కుటుంబాలకు ఆ గడి ఎంత బరువైనదో మా జిల్లాలో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఏ గడులు ఉంచాలో తేల్చేవాడి చేతిలో ఎంత అధికారం ఉందో ప్రోగ్రాములు రాసే మేము మరిచిపోతుంటాం.

చీటీ సంగతి జరిగాక ఆ ప్రోగ్రాములో నేను చేసిన పనుల్లో నాకు ఇష్టమైనది ఒకటుంది. అసలు కోడ్‌లో తరుగును డిడక్షన్ అన్నారు. బాకీ కోతను కూడా డిడక్షన్ అనే అన్నారు. రెండింటికీ ఒకటే పేరు కాబట్టి ప్రతిచోటా ఇది ఏ డిడక్షనో చెబుతూ కామెంట్ రాసుకుంటూ పోయారు. నేను ఒకదానికి తరుగు అని, రెండోదానికి బాకీకోత అని పేరు పెట్టాను. సగం కామెంట్లు అప్పటికప్పుడు అక్కర్లేనివయ్యాయి. రాబర్ట్ మార్టిన్ చెప్పింది ఈ సగం విషయంలో నిజం. రైతు నోట్లో ఉన్న మాట కోడ్‌లోకి వస్తే దానికి టీక ఎందుకు? తరుగు శాతం ఉన్న అంకె పక్కన మాత్రం కామెంట్ పెట్టాను. ఎప్పటినుంచి, ఎవరు ఒప్పుకుంటే, ఎందుకు, ఎప్పటిదాకా. ఈ నాలుగూ ఏ పేరులోనూ పట్టవు.

శని, ఆదివారాలు నిజామాబాద్‌లో మా ఇంటికి కొందరు పిల్లలు వస్తారు. ఊళ్లోనే ఐటీ టవర్ వచ్చాక ఇక్కడే ఉండి ఈ పని చేయొచ్చన్న ఆశ వాళ్లలో మొదలైంది. వాళ్ల కోడ్‌లో కామెంట్లకు కొదవ లేదు, ఏఐ రాసిపెడుతోంది. భాష శుభ్రంగా ఉంటుంది, కోడ్ ఏం చేస్తుందో వరుస వరుసకూ చెబుతుంది. నేను వాటిని చెరిపించి, నీకు మాత్రమే తెలిసింది రాయి అంటాను. మొదట్లో తెల్లమొహం వేస్తారు. నిన్న ఒకమ్మాయి చాలాసేపు ఆలోచించి తెలుగులోనే రాసింది: ఇక్కడ ఆదివారం వదిలేశాను, మార్కెట్ యార్డులో ఆ రోజు పసుపు కొనరు, మా నాన్న చెప్పాడు. అలా ఉండాలి రాత. సంగతి ఉంది, కారణం ఉంది, ఎవరు చెప్పారో ఉంది. రేపు యార్డు ఆదివారం తెరిస్తే దీన్ని మార్చాలని ఎవరికైనా తెలుస్తుంది.

ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ పడి ఆగింది. శక్కర్‌నగర్ గాల్లో ఇప్పుడు ఏ సీజన్‌లోనూ ఆ వాసన లేదు. లాగ్‌బుక్కులు ఏమయ్యాయో కానీ, బాపు జేబులో పెట్టుకుని తిరిగిన చిన్న డైరీ ఒకటి మా ఇంట్లో ఉంది. అట్టకు పాకం మరకలు, ఇప్పటికీ వేలికి కొంచెం గరుకుగా తగులుతాయి. అందులో చాలా చోట్ల ‘3 – నీ.క. 2’ అని ఉంది. బాపు పోయాక ఎన్నిసార్లు చూశానో. మూడో ప్యాన్ అని తెలుస్తోంది, మిగతాది తెలియలేదు.

పోయిన దసరాకు బోధన్ వెళ్లినప్పుడు బాపుతో పాటు పని చేసిన చాచా ఇంటికి డైరీ తీసుకుపోయాను. ఆయనకు ఎనభై దాటాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, పేజీని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. నవ్వాడు. "నీళ్ల కడుగు రెండు. ఇంకేముంది బేటా." ఎందుకు రెండు అని అడిగాను. "దూరం తోటల చెరకు వచ్చిన రోజుల్ల. ఎండి వస్తుండె. ఒక కడుగుకు పిండి గింజ పోకపోతుండె. మీ బాపు రెండు కొడుతుండె, మూడోది ఎన్నడూ కొట్టనియ్యకపోతుండె." చెబుతూ చెబుతూ ఆయన కుడిచేయి గాల్లోనే వాల్వు తిప్పింది, ఇంతే అన్నట్టు పావు చుట్టు తిప్పి ఆగింది.

ఇంటికొచ్చి డైరీ తీశాను. బాపు రాత పక్కన కొంచెం ఖాళీ ఉంది. పెన్సిలు చెక్కుకుని, ఆయన అక్షరాలకు తగలకుండా చిన్నగా రాశాను. దూరం తోటల చెరకు ఎండి వస్తే మూడో ప్యాన్‌కు వేడినీళ్ల కడుగు రెండుసార్లు, మూడోది వద్దు. కింద తేదీ వేశాను. చాచా చెప్పాడని రాశాను.